శుక్లం, నీటికాసులు: ఒకే కంటికి రెండు చికిత్సల చరిత్ర

వయసు మళ్ళినవారికి చూపు మసకబారితే తెలుగు పల్లెల్లో ‘కంటికి పొర వచ్చింది’ అంటారు. నాపరాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతమూ ఇందుకు మినహాయింపు కాదు. ఈ మాట శుక్లానికి సరిపోతుంది. నీటికాసులకు, అంటే గ్లకోమాకు, సరిపోదు. శుక్లం వల్ల తగ్గిన చూపు శస్త్రచికిత్సతో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల దెబ్బతిన్న దృష్టినాడి కోలుకోదు. రెండూ ఒకే కంటిలో ఉన్నప్పుడు మొదటిది రెండవదానిని మరుగుపరచవచ్చు. అందువల్ల వీటి చికిత్సల చరిత్రను కలిపి చూడవలసి ఉంది.

మసకబారిన కటకాన్ని శలాకతో పక్కకు నెట్టే పద్ధతి సుశ్రుత సంహితలో కనిపిస్తుంది. తరువాతి శతాబ్దాలలో ఇటువంటి చికిత్స సంచార వైద్యుల చేతులలో కొనసాగింది. కంటిలోనే మిగిలిపోయిన కటకం వల్ల కొందరిలో వాపు, మరికొందరిలో నీటికాసులు ఏర్పడేవి. ఒక వ్యాధికి చేసిన వైద్యమే మరొక వ్యాధికి కారణమయ్యేది. మద్రాసు ప్రభుత్వ నేత్ర వైద్యశాల అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఈ పరిణామాలను పరిశీలించి 1917లో గ్రంథం వెలువరించారు. కడప జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. నీటికాసుల చికిత్సకు కనుగుడ్డు గోడలో చిన్న రంధ్రం చేసే పద్ధతిపై ఆయన గ్రంథం 1913లోనే వచ్చింది.

1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండుతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో పద్ధతిని ప్రవేశపెట్టారు. 1968లో కెయిర్న్స్ ట్రాబెక్యులెక్టమీని వివరించారు. ఈ రెండింటినీ కలిపి చేయడం తరువాత వాడుకలోకి వచ్చింది. అయితే ట్రాబెక్యులెక్టమీ తరువాత గాయం మచ్చకట్టి నీటి దారి మూసుకుపోవడం, ఒత్తిడి మరీ పడిపోవడం, ఇన్ఫెక్షన్ వంటి చిక్కులున్నాయి. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఐస్టెంటును శుక్ల శస్త్రచికిత్సతోపాటు అమర్చడానికి అనుమతించింది. శుక్లం తీసిన కోత గుండానే ఈ సూక్ష్మ గొట్టాన్ని కంటి నీరు బయటికి పోయే సహజ మార్గంలో ఉంచుతారు. దీనివల్ల ఒత్తిడి కొంతమేరకే తగ్గుతుంది. ముదిరిన వ్యాధికి ట్రాబెక్యులెక్టమీ వంటి చికిత్స నేటికీ అవసరమే.

1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం 10,293 మందిని పరీక్షించింది. నీటికాసులు ఉన్నవారిలో అత్యధికులకు ఆ సంగతి తెలియదని తేలింది. హైదరాబాదుతోపాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలను ఎంచుకున్న ఆ అధ్యయనంలో రాయలసీమ జిల్లా ఏదీ లేదు. ఎర్రగుంట్ల వంటి చోట ‘పొర’ తీయించుకోవడానికి వచ్చిన వ్యక్తికి ముందుగా కంటి ఒత్తిడిని కొలిచి, దృష్టినాడిని చూడకపోతే, ఒకే కోతతో రెండు వ్యాధులకూ చికిత్స చేసే అవకాశం అతని దాకా చేరదు.