క్రూసిబుల్: 54 గంటల అగ్నిపరీక్ష, దాన్ని ఆపే అధికారం

అమెరికా మెరైన్ కోర్‌లో చేరిన ప్రతి యువకుడూ, యువతీ శిక్షణ ముగియకముందు ఎదుర్కోవాల్సిన చివరి పరీక్ష పేరు ‘క్రూసిబుల్’. కంసాలి బంగారం కరిగించే మూస అని ఆ మాటకు అర్థం. 54 గంటల పాటు సాగే ఈ పరీక్షలో తిండి తక్కువ, నిద్ర ఇంకా తక్కువ, నడక మాత్రం 70 కిలోమీటర్ల పైమాటే. దీన్ని దాటినవారిని మెరైన్ అంటారు. దాటనంతవరకు వారు రిక్రూట్లే.

ప్రపంచంలో చాలా సైన్యాలకు ఇలాంటి పరీక్ష ఏదో ఒకటి ఉంది. అయితే క్రూసిబుల్ పుట్టిన తీరు, దాని చుట్టూ అల్లుకున్న నియమాలు, అప్పుడప్పుడు జరిగిన మరణాలు ఒక పెద్ద ప్రశ్నను ముందుకు తెస్తాయి. స్వచ్ఛందంగా చేరిన మనిషిని ఎంత దూరం నెట్టవచ్చు? ఇక చాలు అని చెప్పాల్సింది ఎవరు?

54 గంటల్లో ఏం జరుగుతుంది

మెరైన్ రిక్రూట్ల శిక్షణ 13 వారాలు. అది దక్షిణ కరోలినాలోని ప్యారిస్ ఐలాండ్‌లోనూ, కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలోనూ జరుగుతుంది. ప్యారిస్ ఐలాండ్‌లో క్రూసిబుల్‌కు వేదిక పేజ్ ఫీల్డ్ అనే పాత విమానాల మైదానం. శాన్ డియేగో రిక్రూట్లు మాత్రం క్యాంప్ పెండిల్టన్ కొండల్లోకి వెళతారు.

పరీక్ష తెల్లవారకముందే నడకతో మొదలవుతుంది. వీపున సుమారు 20 కిలోల సామాను, చేతిలో రైఫిల్. మొత్తం 54 గంటలకు ఒక్కొక్కరికి మూడు పూటల ప్యాకెట్ భోజనం ఇస్తారు. ఎప్పుడెంత తినాలో రిక్రూటే చూసుకోవాలి. నిద్ర రెండు రాత్రులకూ కలిపి ఎనిమిది గంటలకు మించదు. ఈ మధ్యలో 36 వరకు అంచెలు ఉంటాయి. ఎత్తైన గోడలు, తాళ్ల వంతెనలు, ముళ్లకంచెల కింద చీకట్లో పాకడం, గాయపడినవారిని మోసుకెళ్లడం వంటివి వాటిలో కొన్ని.

ఈ అంచెల్లో చాలావరకు ఒంటరిగా దాటలేనివి. గోడ ఎక్కాలంటే కింద ఒకరు భుజం ఇవ్వాలి, పైనుంచి ఇంకొకరు చెయ్యి అందించాలి. ఒక్కో అంచెకు ఒక్కో రిక్రూట్ నాయకత్వం వహిస్తాడు. పని ముగిశాక శిక్షకుడు అందరినీ కూర్చోబెట్టి ఎక్కడ తప్పు జరిగిందో, ఎవరి మాట ఎవరు వినలేదో చర్చిస్తాడు. కొన్ని అంచెలకు యుద్ధాల్లో ప్రాణాలు అర్పించినవారి పేర్లు పెట్టారు. వియత్నాంలో 1969 ఫిబ్రవరిలో గాయపడిన సహచరుణ్ని కాపాడబోయి మరణించిన థామస్ నూనన్ వారిలో ఒకరు. క్షతగాత్రులను తరలించే అంచెకు ఆయన పేరు ఉంది.

చివరి ఘట్టం మళ్లీ నడకే. ప్యారిస్ ఐలాండ్‌లో అది సుమారు 14.5 కిలోమీటర్లు. క్యాంప్ పెండిల్టన్‌లో ‘రీపర్’ అనే నిటారు కొండ ఎక్కాలి. నడక ముగిశాక గద్ద, భూగోళం, లంగరు ఉన్న చిన్న చిహ్నాన్ని శిక్షకుడు ప్రతి ఒక్కరి చేతిలో పెడతాడు. శిక్షణ కాలంలో రిక్రూట్లు తమ గురించి ‘నేను’ అని చెప్పుకోకూడదు, ‘ఈ రిక్రూట్’ అనాలి. వారాల తరబడి అరిచిన శిక్షకుడు వారిని మొదటిసారి ‘మెరైన్’ అని పిలిచేది ఇక్కడే. ఆ తర్వాత కడుపునిండా ఫలహారం పెడతారు.

1996లో ఎందుకు మొదలైంది

మెరైన్ కోర్ చరిత్ర రెండు శతాబ్దాలకు పైబడినదైనా క్రూసిబుల్ వయసు మూడు దశాబ్దాలే. అప్పటి కమాండెంట్ జనరల్ చార్లెస్ క్రులాక్ దీన్ని 1996లో ప్రవేశపెట్టారు. అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. సైనికులు ఒకే ఊళ్లో ఒక వీధిలో ఆహారం పంచుతూ, రెండో వీధిలో గొడవ పడే వర్గాల మధ్య నిలబడి, మూడో వీధిలో కాల్పులు జరపాల్సిన కాలం వస్తుందని ఆయన అంచనా. దీనికే ‘మూడు వీధుల యుద్ధం’ అని పేరు వచ్చింది. అలాంటి చోట ఇరవై ఏళ్ల కార్పొరల్ తీసుకునే నిర్ణయం దేశ విదేశాంగ విధానాన్నే కుదిపేయవచ్చని 1999లో రాసిన వ్యాసంలో ఆయన వాదించారు.

కండబలం కొలవడానికి పరుగు పందెం చాలు. క్రులాక్ కోరింది వేరు. అలసట, ఆకలి, చిరాకు ముంచుకొచ్చిన వేళ పక్కవాడి గురించి ఆలోచించగలడా, ఆదేశాన్ని సరిగా వినగలడా, న్యాయంగా నిర్ణయించగలడా అన్నది చూడాలి. నిద్రలేమిని పరీక్షలో భాగం చేసింది అందుకే. 17 గంటలకు పైగా మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. యుద్ధంలో ఎదురయ్యే ఈ స్థితిని అదుపులో ఉన్న చోట ముందే చవిచూపించడం క్రూసిబుల్ ఉద్దేశం.

ఇందులో తప్పినవారిని వెంటనే ఇంటికి పంపరు. గాయపడినా, పూర్తి చేయలేకపోయినా వెనక వచ్చే బృందంలో కలిపి మళ్లీ అవకాశం ఇచ్చే పద్ధతి ఉంది. మహిళలకూ ఇదే పరీక్ష. దీర్ఘకాలం ప్యారిస్ ఐలాండ్‌లో మాత్రమే శిక్షణ పొందిన మహిళా రిక్రూట్లు 2021లో తొలిసారి శాన్ డియేగో నుంచి కూడా మెరైన్లుగా బయటికి వచ్చారు.

ఇతర దళాల దారి

మిగతా అమెరికా దళాలూ ఇదే బాట పట్టాయి. నౌకాదళం ఇల్లినాయిలోని గ్రేట్ లేక్స్‌లో ఒక భవనం లోపల యుద్ధనౌక నమూనా కట్టి, రాత్రంతా మంటలు, వరదనీరు, పేలుళ్ల మధ్య రిక్రూట్లను పరీక్షిస్తుంది. సైన్యం 2018లో ‘ఫోర్జ్’ అనే నాలుగు రోజుల క్షేత్ర పరీక్షను ప్రవేశపెట్టింది. వైమానిక దళం 2022లో 36 గంటల ‘పేసర్ ఫోర్జ్’ను తెచ్చింది.

బ్రిటన్ రాయల్ మెరైన్ల పద్ధతిలో గడియారానిది పెద్ద పాత్ర. ఆకుపచ్చ టోపీ కావాలంటే నాలుగు కమాండో పరీక్షలు నెగ్గాలి. 9 మైళ్ల వేగ నడక 90 నిమిషాల్లో పూర్తికావాలి. చివరిదైన 30 మైళ్ల డార్ట్‌మూర్ దారిని రిక్రూట్లు 8 గంటల్లో, అధికారులు 7 గంటల్లో దాటాలి. నాయకుడయ్యేవాడికి గంట తక్కువ.

నీటిలో, ఎండలో పోయిన ప్రాణాలు

కఠిన శిక్షణకు, క్రౌర్యానికి మధ్య గీత ఎక్కడ గీయాలో మెరైన్ కోర్ ప్రాణనష్టంతోనే నేర్చుకుంది. 1956 ఏప్రిల్ 8 రాత్రి ప్యారిస్ ఐలాండ్‌లో ఒక శిక్షకుడు క్రమశిక్షణ నేర్పుతానంటూ తన ప్లటూన్‌ను రిబ్బన్ క్రీక్ అనే బురద వాగులోకి నడిపించాడు. ఆరుగురు రిక్రూట్లు మునిగి చనిపోయారు. సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగింది. శిక్షకుల ఎంపిక, వారిపై అధికారుల నిఘా రెండూ మారాయి.

అయినా సమస్య తీరిపోలేదు. 2016 మార్చిలో అక్కడే పాకిస్తానీ కుటుంబం నుంచి వచ్చిన 20 ఏళ్ల ముస్లిం రిక్రూట్, శిక్షకుడు చెంపదెబ్బ కొట్టిన కొద్దిసేపటికే బ్యారక్ మూడో అంతస్తు నుంచి పడి మరణించాడు. పలువురు రిక్రూట్లను, ముఖ్యంగా ముస్లింలను వేధించిన నేరానికి ఆ శిక్షకుడికి 2017 నవంబరులో 10 ఏళ్ల జైలుశిక్ష పడింది.

2021 జూన్ 4న క్రూసిబుల్ జరుగుతుండగానే 19 ఏళ్ల రిక్రూట్ శరీర ఉష్ణోగ్రత విపరీతంగా పెరిగి చనిపోయాడు. పర్యవేక్షణలో లోపాలను విచారణ ఎత్తిచూపింది. 2022 ఫిబ్రవరిలో అమెరికా నౌకాదళ ‘సీల్’ అభ్యర్థి ఒకరు ‘హెల్ వీక్’ పూర్తిచేసిన కొన్ని గంటలకే కన్నుమూశాడు. 2013 జూలైలో బ్రిటన్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో ప్రత్యేక దళాల ఎంపిక నడకలో ముగ్గురు రిజర్వ్ సైనికులు వడదెబ్బకు బలయ్యారు.

వేడి తెచ్చే ఈ మరణాల్లో ఒక చిక్కు ఉంది. శ్రమతో వచ్చే వడదెబ్బలో శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. తొలి లక్షణాలు తూలడం, చిరాకు, మాట తడబడటం, చెప్పింది అర్థం కాకపోవడం. ఇవన్నీ చూసేవారికి బద్ధకంలాగో అవిధేయతలాగో కనిపిస్తాయి. అంటే, దేన్నయితే జయించమని పరీక్ష చెబుతోందో సరిగ్గా అదే ప్రాణాపాయానికి సంకేతం కావచ్చు. పట్టుదల ఉన్న రిక్రూట్ తానుగా ఆగడు. ఆగే స్పృహ కూడా అప్పటికి అతనికి మిగలదు. గట్టిగా నెట్టడమే తన పని అనుకునే శిక్షకుడు ఆపడు. కాబట్టి ఆపే నిర్ణయం ఈ ఇద్దరికీ వదిలేయకూడదు. ఆపాక చేయాల్సింది ఆలస్యం లేకుండా చన్నీటిలో ముంచి చల్లబరచడం. ఆస్పత్రికి తరలించడం ఆ తర్వాతి మాట.

ప్యారిస్ ఐలాండ్ ప్రపంచానికిచ్చిన కొలత

ఈ ఆలోచన నుంచే 1950వ దశకంలో ఒక ముఖ్యమైన కొలత పుట్టింది. ఎండకు రిక్రూట్లు కూలిపోతుండటంతో పరిశోధకులు ప్యారిస్ ఐలాండ్ తదితర శిబిరాల్లో అధ్యయనం చేసి ‘వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్’ అనే సూచీని తయారుచేశారు. మామూలు థర్మామీటర్ గాలి వేడినే చెబుతుంది. ఈ సూచీలో తడిబట్ట చుట్టిన థర్మామీటర్‌కు 70 శాతం, ఎండ వేడిని పట్టే నల్ల గోళానికి 20 శాతం, గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం విలువ ఇస్తారు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తేమకు అంత విలువ అందుకే.

సూచీ పెరిగేకొద్దీ శిబిరంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు జెండాలు ఎగురుతాయి. 32.2 డిగ్రీలకు చేరి నల్లజెండా ఎగిరితే బయట కఠిన వ్యాయామం ఆపేయాలి. శిక్షకుడి ఇష్టం, రిక్రూట్ పౌరుషం లెక్కలోకి రావు. నేడు కార్మికుల భద్రతకు, క్రీడాపోటీలకు ప్రపంచమంతా ఇదే సూచీని వాడుతోంది. తేమతో ఉడికే కోస్తాంధ్రలో గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలే ఉన్న రోజున కూడా ఈ లెక్కన నల్లజెండా ఎగరవచ్చు.

భారత్‌కు ఇందులో ఏముంది

భారత సైన్యంలో రిక్రూట్ శిక్షణ రెజిమెంటల్ కేంద్రాల్లో సాగుతుంది. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ వాటిలో ఉన్నాయి. ఇక్కడ బరువంతా ఒకే పరీక్షపై కాకుండా చాలా వాటిపై పంచి ఉంటుంది. ఆయుధంతో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, 9 అడుగుల గొయ్యి దూకడం వంటివి ఉన్న యుద్ధ సామర్థ్య పరీక్ష, ఫైరింగ్, డ్రిల్ అన్నీ దాటాక కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేయిస్తారు. అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకే కొనసాగే అవకాశం ఉండటంతో ప్రతి పరీక్షపైనా ఒత్తిడి పెరిగింది.

అయితే దేశంలో ప్రాణాలు తీసిన పరీక్ష శిక్షణ చివర ఉన్నది కాదు, ఉద్యోగం గుమ్మం దగ్గర ఉన్నది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 10 కిలోమీటర్లు 60 నిమిషాల్లో పరుగెత్తాల్సి వచ్చింది. పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ప్రభుత్వం కొద్ది రోజులు పరీక్షలు నిలిపివేసింది.

రెండింటి మధ్య తేడా గమనించదగ్గది. క్రూసిబుల్‌కు ముందు వారాల తరబడి శరీరాన్ని సిద్ధం చేస్తారు, వైద్య సిబ్బంది వెంట నడుస్తారు, ఆగిపోయినవాడికి రెండో అవకాశం ఉంటుంది. అన్నీ ఉన్నా 2021లో ఒక ప్రాణం పోయింది. ఉద్యోగ పరుగులో అభ్యర్థి తన సొంత సాధనతో వస్తాడు, ఆగితే ఏళ్ల ఎదురుచూపు వృథా అవుతుందన్న భయంతో పరుగెత్తుతాడు. అతణ్ని ఆపే జెండా మైదానంలో లేకపోతే, ఓర్పును కొలవాల్సిన పరీక్ష నిరుద్యోగాన్ని కొలుస్తుంది.

సైనికుడికి కఠిన పరీక్ష అక్కర్లేదని ఎవరూ అనరు. యుద్ధం అంతకన్నా దయగలది కాదు. కానీ ఏ పరీక్ష గురించైనా మూడు విషయాలు అడగాల్సిందే. దానికి ముందు ఎంత సిద్ధం చేశారు? మధ్యలో ఆపే అధికారం ఎవరికి ఉంది? ఆగినవాడికి ఏమవుతుంది? వీటికి రాతపూర్వకమైన జవాబు ఉన్నచోటే దాన్ని శిక్షణ అనగలం.