షాహీన్ రెక్కల లెక్క

ఎర్రసముద్రపు ఒడ్డున, జెద్దాకు ఉత్తరాన తువల్‌లో 2009లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం తన తొలి సూపర్ కంప్యూటర్‌కు షాహీన్ అని పేరు పెట్టుకుంది. అది వేటడేగ పేరు. ఐబీఎమ్ వారి బ్లూజీన్-పి యంత్రమది; 65,536 పవర్‌పీసీ కోర్లు. ఒక్కొక్క కోర్ గడియారం 850 మెగాహెర్ట్జ్ మాత్రమే, నాటి మామూలు లాప్‌టాప్ కన్నా మందం. అయితే నాడి వేగం ఒక్కటే చూసి గుండె ఎంత రక్తం తోడుతోందో చెప్పలేం. ఒక్కో స్పందనకు ఎంత వెలువడుతోందో కూడా తెలియాలి. ఆ కోర్ ఒకే ఆదేశంతో రెండేసి సంఖ్యలను గుణించి కూడేది. అంటే స్పందనకు నాలుగు గణనలు.

2015 నాటి షాహీన్-2లో ఇంటెల్ హాస్వెల్ కోర్ల గడియారం 2.3 గిగాహెర్ట్జ్, పెరుగుదల మూడు రెట్లయినా లేదు. కోర్ గరిష్ఠ వేగం మాత్రం 3.4 నుంచి 36.8 గిగాఫ్లాప్స్‌కు, దాదాపు పదకొండు రెట్లు పెరిగింది. మిగిలిన నాలుగు రెట్లు కొత్త ఆదేశాల చలవ. ఏవీఎక్స్2తో పాటు వచ్చిన ఎఫ్ఎమ్ఏ ఆదేశం నాలుగేసి సంఖ్యలను ఒక్కసారే గుణించి కూడుతుంది. అటువంటివి రెండు ఒకే స్పందనలో సాగుతాయి.

చిక్కంతా ఇక్కడే. ఒక్కో సంఖ్యనే పట్టుకుని నడిచే పాత ప్రోగ్రాముకు ఆ గరిష్ఠ వేగంలో నాలుగో వంతుకు మించి దక్కదు. ఇటువంటి ఆదేశాలకు బాగా అనువైన లిన్‌పాక్ పరీక్షలో సైతం, షాహీన్-2కు ప్రపంచంలో ఏడవ స్థానం తెచ్చిపెట్టిన వేగం 5.5 పెటాఫ్లాప్స్, కాగితం మీది సామర్థ్యం 7.2.