మెల్‌బోర్న్ శివారుల మూలకొట్లు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరపు పాత శివారుల్లో, రెండు వీధులు కలిసే మూలస్థలంలో, ముందు దుకాణం, వెనుకా మేడపైనా కాపురం ఉండేలా కట్టిన భవనాలను మూలకొట్లు అంటారు. ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, రిచ్‌మండ్ ప్రాంతాల్లో ఇవి ఎక్కువ.

1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక జనం వెల్లువెత్తారు, శివారులు పెరిగాయి. అంతకుముందే, 1849లో వచ్చిన మెల్‌బోర్న్ భవన నిర్మాణ చట్టం మంటలకు తట్టుకునే గోడలు కట్టాలని నిర్బంధించింది. అప్పట్లో నగర పరిధిలో ఉన్న ఫిట్జ్‌రాయ్‌లో అందుకే రాయి, ఇటుక కట్టడాలు లేచాయి. చట్టం వర్తించని కాలింగ్‌వుడ్‌లో చెక్క ఇళ్లు పెరిగాయి.

ఈ భవనాలకు స్వర్ణయుగం 1880ల దశకం. భూముల ధరలు విపరీతంగా పెరిగి, అప్పులు తేలిగ్గా పుట్టిన ఆ పదేళ్లలో మేస్త్రీలు ఇటలీ మేడలను పోలిన ఇటాలియనేట్ శైలిని అంగుళం వదలకుండా వాడుకున్నారు. భవనపు మూలను ఏటవాలుగా కోసి, ఆ కోతలో గుమ్మం పెట్టేవారు. దాంతో కొట్టు రెండు వీధులకూ కనబడేది, ఎటునుంచి వచ్చినవారైనా నేరుగా లోపలికి అడుగుపెట్టేవారు. కాపురానికి వేరే తలుపు పక్కవీధి వైపు ఉండేది. పైకప్పు రేకులు కనబడకుండా ఎత్తైన పిట్టగోడ, దాని మీద గారతో పోసిన కలశాలు, కమానులు, ఒక్కోసారి కట్టిన సంవత్సరం ఉండేవి. చిన్న పచారీ కొట్టుకు ఇంత ఠీవిగల ముఖభాగం ఇవ్వడం ఆ కాలపు పనివాళ్ల గొప్పతనం. పునాదికి నల్లరాయి, గోడకు గోధుమరంగు హాథార్న్ ప్రాంతపు ఇటుక, మధ్యలో లేతపసుపు ఇటుకల పట్టీలు వాడేవారు. ఈ రంగురంగుల ఇటుకపని నగరంలో వ్యాపించడానికి జోసెఫ్ రీడ్ అనే వాస్తుశిల్పి 1863 ఐరోపా పర్యటన తర్వాత చేసిన కట్టడాలు తోడ్పడ్డాయి. వాటిలో ఒకటి 1868లో ఆయన రూపకల్పన చేసిన రిప్పన్‌లీ భవంతి. ఫుట్‌పాత్ మీదికి ఇనుప లేదా చెక్క స్తంభాల వసారా చాచేవారు. వీధివైపు ఖాళీ గోడల మీద టీ, సబ్బు ప్రకటనలు రంగులతో రాసేవారు. కొన్ని ఇప్పటికీ వెలిసిపోయి కనబడుతున్నాయి.

1885లో కేబుల్ ట్రాములు మొదలై వ్యాపారం ప్రధాన వీధులకు మళ్లింది. అయినా లోపలి వీధుల్లో రోజువారీ సరుకులకు మూలకొట్టే దిక్కు. 1893 బ్యాంకుల పతనంతో నిర్మాణాలు దాదాపు ఆగిపోయాయి.

తర్వాతి అర్ధశతాబ్దంలో ఎర్ర ఇటుక, వంపుల పిట్టగోడలు వచ్చాయి. స్తంభాల వసారాల స్థానంలో కడ్డీలతో వేలాడే చూరులు చేరాయి.

సిడ్నీలో 1932లో మార్టిన్ ప్లేస్‌లో తెరిచిన ‘బ్లాక్ అండ్ వైట్’ దుకాణంతో మొదలైన మిల్క్‌బార్ పద్ధతి మెల్‌బోర్న్ మూలకొట్లకూ వ్యాపించింది. మిల్క్‌షేక్‌లు, మిఠాయిలు, పత్రికలు అమ్మే ఈ కొట్లను గ్రీకు, ఇటాలియన్ వలస కుటుంబాలు ఎక్కువగా నడిపాయి. 1960లో నార్త్ బాల్విన్‌లో కోల్స్ సంస్థ తొలి సూపర్‌మార్కెట్, 1977లో ఓక్లీలో దేశంలోనే మొదటి సెవెన్-ఎలెవెన్ గొలుసు దుకాణం వచ్చాయి. ఇళ్లలో ఫ్రిజ్‌లు, కార్లు చేరాక రోజూ కొట్టుకు నడిచే అవసరం తగ్గింది.

నేడు చాలా మూలకొట్లు కాఫీ హోటళ్లుగానో ఇళ్లుగానో మారాయి. స్థానిక మండళ్ల వారసత్వ నిబంధనలు సాధారణంగా బయటి రూపానికే వర్తిస్తాయి. అందువల్ల పిట్టగోడలు, ఏటవాలు గుమ్మాలు నిలిచినా, లోపలి చెక్క బల్లలు, గోడ అల్మారాలు చాలాచోట్ల తీసేశారు.