హావన్ దస్తా: ఒక చిన్నరోటి పేరు వెనుక చరిత్ర

మన విద్యార్థుల తెలుగులో పరభాషాపదాలు మితిమీరుతున్నవని తల్లిదండ్రులు తరచు ఆవేదన చెందుతుంటారు. అట్టి పదాలలో ‘హమాందస్తా’ ఒకటి. అల్లం, మిరియాలు, యాలకులు దంచుకొనే ఇనుప లేక ఇత్తడి చిన్నరోలు, దాని రోకలి కలిపి ఆ పేరు. తెలంగాణ నుండి ముంబయికి తరలివచ్చిన కుటుంబాలకు ఇది చిరపరిచితమే. పరాయి మాటయని ఎర్రసిరాతో కొట్టివేయడానికి ముందు దీని పుట్టుపూర్వోత్తరాలను విచారించడం న్యాయం.

పారసీకంలో ‘హావన్’ అనగా రోలు, ‘దస్తా’ అనగా రోకలి. ఈ జంటపదం హిందీ, ఉర్దూలలో ‘ఇమాందస్తా’గా కూడ మారినది, ఇమాముకు దీనితో ఏ సంబంధమూ లేదు. వంగభాషలో ‘హామాన్‌దిస్తా’. ఒడియాలో ‘హేమదస్తా’ - ఇనుపరోటికి బంగారు పేరు! అర్థం తెలియని మాటను జనులు తెలిసిన మాటవైపు మలచుకొనడం సహజమే కదా.

ఈ పదం మిక్కిలి ప్రాచీనమైనది. ఇరాన్‌లోని పర్సెపోలిస్ కోశాగారంలో 1930ల నాటి త్రవ్వకాలలో ఆకుపచ్చని రాతి రోళ్ళు, రోకళ్ళు బయల్పడినవి. వాటిపై క్రీ.పూ. 5వ శతాబ్దంలో అరమాయిక్ లిపిలో సిరాతో వ్రాసిన వ్రాతలలో ‘హావన్’ కనబడుతుంది. రేమండ్ బౌమన్ పండితుడు వాటిని 1970లో ప్రకటించాడు. అంతకంటె పాతదైన అవెస్తా భాషలో ‘హావన’ అంటే ‘హఓమ’ మొక్కను దంచి రసం తీసే రోలు. సంస్కృతంలోని ‘స’కారం ఇరాన్ భాషలలో ‘హ’కారమవుతుంది: సింధు - హిందు, సప్త - హప్త, సోమ - హఓమ. ఆ లెక్కన హావనకు తోబుట్టువు మన ‘సవనము’. సోమరసం పిండే తొలి ఘట్టం మనకు ప్రాతస్సవనం. జరతుష్ట్ర మతస్థులకు ఉదయ ప్రార్థనాకాలం ‘హావన్ గాహ్’. మన నగరంలోని పారసీల యస్న క్రతువులో నేటికీ లోహపు రోలును మ్రోగిస్తారు. ‘హవనము’తో దీనిని ముడిపెట్టేవారున్నారు గాని అది పొరపాటు, దాని ధాతువు వేరు.

‘దస్తా’కు మూలమైన ‘దస్త్’ మన ‘హస్త’ శబ్దానికి జ్ఞాతియే. దస్తావేజు, దస్కతు అందులోనివే. చేతికి ఇమిడేది దస్తా. కనుకనే రోకలికీ, మన పిల్లలు కొనే 24 కాగితాల కట్టకూ ఒకటే పేరు.

ఇక రోలు, రోకలి అచ్చమైన ద్రావిడ పదాలు. తమిళుల ‘ఉరల్’, కన్నడిగుల ‘ఒరళు’ వర్ణవ్యత్యయంతో మనకు రోలైనవి. వీటికి పారసీక పదంతో చుట్టరికం లేదు. అందుచేత హమాందస్తా వచ్చి రోలును వెళ్ళగొట్టిందన్న భయం అక్కరలేదు: పప్పు రుబ్బేది రోలుగానే మిగిలినది, దినుసులు దంచే చిన్నదానికి మాత్రమే కొత్తపేరు వచ్చినది.

మాట వేరైనా దంచే చేతుల అనుభవం ఒకటే. వ్యర్థప్రయాసను ఇరానీయులు ‘హావన్‌లో నీళ్ళు దంచడం’ అంటారు. మనం ‘ఊకదంపుడు’ అంటాము.