ఒంటెల దొడ్డి, ఒంటరి డేరా

2024 జులైలో కోనసీమ యువకుడొకరు సౌదీ ఎడారి నుంచి పంపిన వీడియో చేతులు మారుతూ తిరిగింది. ఖతర్‌లో పని అన్న ఏజెంటు మాట నమ్మి వెళ్తే, తీసుకెళ్లి ఒంటెల కాపలాకి పెట్టారన్నది అతని గోడు. మంత్రి నారా లోకేశ్ స్పందించాక ఇల్లు చేరాడు.

పంటకాలవ గట్టున పెరిగినవాడికి అక్కడ కనిపించేవి ఇనుప పైపుల దొడ్డి, పక్కన ఓ డేరా, నీళ్ల ట్యాంకు. కరెంటు తీగ ఉండదు. యజమాని దయ ఉంటే జనరేటరో, సోలార్ పలకో.

ఇదే ఎడారిలో ఒకప్పుడు పశువుల కాపంటే ఇంటిల్లిపాది పని. సంచార అరబ్బులైన బెదూయిన్లు మేక వెంట్రుకలతో నేసిన నల్ల డేరాల్లో ఉండేవారు. వాటిని నేసేదీ, వేసేదీ, విప్పేదీ ఆడవాళ్లే. వాన పడి పచ్చిక మొలిచిన చోటికి కుటుంబాలన్నీ కదిలేవి, వేసవి రాగానే బావుల చుట్టూ చేరేవి. ఒంటె పాలు, ఖర్జూరాలే తిండి. పొయ్యిలోకి ఎండిన పేడ.

1938లో దహ్రాన్ దగ్గర చమురు పడింది. దాన్ని మధ్యధరా తీరానికి చేర్చే ట్యాప్‌లైన్ గొట్టం 1950లో పూర్తయింది. దాని పంపింగ్ కేంద్రాల దగ్గర తవ్విన బావులకు మందలు చేరాయి. అరార్, రఫ్హా లాంటి పట్టణాలు అలా లేచినవే. తర్వాత లారీలొచ్చాయి. నీటి కోసం మంద నడవక్కర్లేదు, నీళ్లే మంద దగ్గరికి వస్తాయి. బడి కోసం, జీతం కోసం కుటుంబం పట్నం చేరింది. ఒంటెల మీద మోజు మాత్రం పోలేదు. ఇప్పుడు వాటికి అందాల పోటీలు కూడా! మరి మేపేదెవరు? జీతానికి మనిషి కావాలి. సూడాన్ నుంచి, మన వైపు దేశాల నుంచి వచ్చారు.

1973లో చమురు ధర ఎగిశాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. కోనసీమలోని రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లకు తాపీమేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపని ఆడవాళ్లు వెళ్లారు. కొబ్బరితోటల మధ్య మేడలు లేచాయి. ఊళ్లో కథలన్నీ ఆ మేడలవే. ఎడారికి చేరినవాడి సంగతి వీడియో వస్తేనే తెలుస్తుంది.

అతని అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ అనే యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు కూడా చాలాసార్లు ఆయన దగ్గరే. పోనీ చట్టం ఉందా అంటే, 2005 నాటి సౌదీ కార్మిక చట్టాన్ని పశుపోషణలో పదిమందికి తక్కువ కాకుండా పనివాళ్లున్న సంస్థలకే వర్తించేలా రాశారు. ఇద్దరు ముగ్గురితో నడిచే దొడ్డి ఆ లెక్కలోకే రాలేదు.