ద్వీపమును దీపమును

మా మొగుడంపల్లికి సముద్రము దూరము. జహీరాబాదు మీదుగా పోవు రాజమార్గము పుణెలో బయలుదేఱి, హైదరాబాదును బెజవాడను దాటి, తుదకు బందరున సముద్రతీరమును జేరునని మేము విద్యార్థులకు దేశపటమున జూపుచుందుము. ఒకనాడీ పాఠము జరుగుచుండగా వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "సార్, రోడ్డుకైతే మైలురాళ్లుంటయి. రాత్రిపూట సముద్రంల తొవ్వ ఎట్ల దెలుస్తది?" అని యడిగెను. ధ్రువనక్షత్రమనియు, దిక్సూచియనియు, దీపస్తంభములనియు నాలుగు మాటలు చెప్పి యూరకుంటిమి. అది చాలిన సమాధానము కాదని మాకే తోచెను. కావున నా యేటి సెలవులలో కాకినాడకు బోయి, పడవయెక్కి, హోపుదీవిని జూచి వచ్చితిమి. ఈ వ్యాసమునకు మూలమా బాలుని ప్రశ్నయే.

రెండువైపుల నీరుగల నేల ద్వీపమని శాబ్దికులు వ్యుత్పత్తి చెప్పుదురు. ఈ వ్యుత్పత్తికి హోపుదీవి వలె సరిపోవు నేల యరుదు. ఒక ప్రక్క బంగాళాఖాతము ఘోషించుచుండును. రెండవ ప్రక్క కాకినాడ అఖాతము చెఱువువలె నిదురించుచుండును. నడుమ సన్నని యిసుకపట్టి. ఇది పురాణప్రసిద్ధమైన దీవి కాదు. దీనికి స్థలపురాణము లేదు. పదునెనిమిదవ శతాబ్దము చివరనుండి గోదావరి తెచ్చిపోసిన యిసుకను తీరమువెంట పాఱు ప్రవాహములు ఉత్తరమునకు నెట్టుకొనిపోగా, కెరటముల తాకిడికి గట్టుగట్టి, సుమారు పదునాఱు కిలోమీటర్ల పొడవున నీ యిసుకదిబ్బ తేలినది. అనగా దీని వయస్సు రెండువందల యేండ్లకు కొంచెమించుమించుగా నుండును. మన యిండ్లలో నింతకంటె ప్రాచీనములైన తాళపత్రములున్నవి! దీని యుత్తరపు కొనను గోదావరి పాయింటని పిలుతురు. ఆంగ్లమున 'హోప్' అనగా ఆశ. గాలివానలో నీ గట్టు చాటునకు వచ్చిన నావకు ఆ పేరు తగియే యున్నది. బయటి సముద్రపు పోటును తాను భరించి రేవును గాపాడుచున్నది.

ఐనను నీ దీవికి ముందుగా కోరంగిని జెప్పవలెను. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి యొకప్పుడు ఓడలు గట్టు రేవు. అక్కడను, ప్రక్కనున్న తాళ్లరేవునను కట్టిన ధోనీలు బంగాళాఖాతమంతయు దిరిగినవి. ఇక్కడ ఓడయెక్కి బర్మాకు గూలికి బోయిన తెలుగువారిని ఆ దేశమున 'కోరంగీలు' అనియే పిలిచిరి. ఒక చిన్న రేవు పేరు ఒక జాతికే పేరైనది. అట్టి కోరంగిని 1789 డిసెంబరులో గాలివాన తాకెను. ఒకదానివెంట నొకటిగా మూడు పెనుకెరటములు లేచి యూరిని ముంచినవనియు, ఇరువదివేలమంది మరణించిరనియు వ్రాసియున్నారు. కలకత్తాలో నుండిన హెన్రీ పిడ్డింగ్టను ఇట్టి తుపానులను బరిశీలించి, గాలి సుడితిరుగుటను బట్టి, గ్రీకు భాషనుండి 'సైక్లోను' అను మాటను గల్పించెను. 1848లో వెలువడిన యాతని నావికగ్రంథముతో నది లోకమంతట వ్యాపించెను. మరల 1839 నవంబరులో కోరంగిమీద నుప్పెన వచ్చెను. అందు మూడులక్షలమంది చనిపోయిరని పలు గ్రంథములు ఒకదానిని జూచి యొకటి వ్రాసికొన్నవి. ఆ తీరమున నంత జనమా కాలమున నుండెనా యని మాకు సందేహము. పెద్ద సంఖ్య వేసినంతమాత్రమున మృతులకు గౌరవము చేసినట్లు కాదు. ఇంతలో గోదావరి యొండ్రుతో రేవు పూడుచుండెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసి, కాలువలు కాకినాడకు సరుకులు మోయ నారంభించుటతో, కోరంగి వైభవము కాకినాడకు దరలిపోయెను. ఒకే నది ఒక రేవును పూడ్చి, మఱియొక రేవునకు గోడ గట్టినది. నేడా కోరంగి ప్రాంతమున మడ అడవులున్నవి. 1978లో వానిని వన్యప్రాణి రక్షితస్థలముగా బ్రకటించిరి. హోపుదీవి యందులోనిదే.

ఇట్టి తీరమున దీపమెందులకో భూమిని జూచినవారికే తెలియును. విశాఖపట్టణమున డాల్ఫిన్సునోసు కొండ సముద్రములోనికి ముక్కు చాచి నిలిచియున్నది. పగటివేళ నది చాలు. రాత్రికై దానిమీద 1957లో దీపస్తంభము కట్టిరి. గోదావరి ముఖమున కొండ లేదు, గుట్ట లేదు. నేల నీటితో సమము. కొబ్బరిచెట్ల తలలు కనబడునప్పటికి ఓడ యిసుకమేటలకు సమీపించియే యుండును. పైగా మేటలు ఏటేటికి స్థలము మార్చును; పోయిన సంవత్సరపు సరంగు జ్ఞాపకము ఈ సంవత్సరము పనికిరాదు. దీవిమీద నొక దీపస్తంభమును, కాకినాడకు ఉత్తరమున వాకలపూడివద్ద మఱియొకటియు నందులకే యున్నవి. ఇందులకు భిన్నముగా విజయనగరపు తీరమున సంతపిల్లివద్ద నున్నది యిసుక భయము కాదు, ఱాతి భయము. నీటిలో దాగిన శిలలనుండి భీమునిపట్టణము పోవు నావలను దప్పించుటకై 1847లో నచట చిన్నగుట్టపై దీపము నెలకొల్పిరి.

మన పూర్వులకు సముద్రము తెలియదా? తెలియకేమి! శాతవాహనుల నాణెములమీద రెండు తెరచాపకొయ్యల యోడ కలదు. సువర్ణభూమికి బోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమున ప్రవేశించు స్థానమొకటి మన తూర్పుతీరముననే కలదని టాలమీ వ్రాసెను. ఐనను మాకన్నిటికంటె ముఖ్యముగా దోచునది బాపట్ల జిల్లాలోని మోటుపల్లి శాసనము. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు వేయించిన యభయశాసనమిది. గాలివానకు దారితప్పి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని ధనమును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, తాము నియమితమైన సుంకము దప్ప మఱేమియు దీసికొనమని యారాజు నావికులకు మాట యిచ్చెను. ప్రాణములకు దెగించి సముద్రముమీద వచ్చువారియెడ దయయే యిందులకు హేతువని శాసనమున జెప్పుకొనెను. 1358లో అనపోతారెడ్డి యీ రేవుననే వర్తకులకు మరల నభయమిచ్చెను. ఓరుగల్లు మావలె మెట్టసీమలోని యూరు. అక్కడనుండి సముద్రముమీది పరదేశి కష్టమును దలచిన రాజును మేము దీపస్తంభము గట్టినవానితో సమానునిగా దలంతుము. శాసనము ఱాతిమీద నున్నది. దానిని జదువుటకు పగలు గావలెను. అంతే భేదము.

మఱి రాత్రికేమి చేసిరి? తమిళుల సంగవాఙ్మయమున తీరదీపముల ప్రస్తావన గలదు. మనవైపు శాస్త్రజ్ఞులు చేసినది వేఱు. బౌధాయనుడు సముద్రయానమును బతనహేతువులలో జేర్చెను. ఉత్తరదేశపువారి యాచారములలో దానిని బేర్కొన్నవాడును నాతడే. తరువాతి నిబంధనకారులు కలివర్జ్యములలో దానిని జొప్పించి తలుపు మూసిరి. దాని ఫలము నావలు నిలిచిపోవుట కాదు. నావలు పోవుచునే యుండెను. చదువుకొన్నవారు మాత్రము వాని నెక్కరైరి. సముద్రజ్ఞానమంతయు జాలరుల చేతను, ధోనీల సరంగుల చేతను నిలిచెను. వారు పిల్లలకోడి పొడుపును, గొల్లకావడి వాలుటను జూచి వేళ గుర్తింతురు. నీటి రంగును బట్టి లోతు చెప్పుదురు. ఈ విద్యకు మనము గ్రంథము వ్రాయలేదు. కార్తికమాసమున దేవాలయధ్వజముమీద ఆకాశదీప మెత్తుచున్నాము. పితృదేవతలకు ద్రోవ కనబడుటకట! కార్తికము సరిగా తూర్పుతీరమున గాలివానల కాలము. పితృలోకమునకు దారిచూపు దీపమును మేము పరిహసింపము, మా యింటను ఆ దీపమును బెట్టుదుము. కాని యదే మాసమున, అదే చీకటిలో, బ్రతికి యింటికి రావలసినవాడు సముద్రముమీద నున్నాడనుట మన కెంతకాలమునకు దోచినది?

తోచినది వర్తకులకు. చెన్నపట్టణమున 1796లో కోటలోని యొక భవనముమీద కొబ్బరినూనె దీపములు వెలిగించిరి. 1844లో ప్రత్యేకస్తంభము లేచెను. 1894లో దీపము హైకోర్టు గోపురమున కెక్కెను. 1977లో మెరీనా గట్టునకు దిగివచ్చెను. కుంపిణీవారికి సరుకుమీద ప్రేమయే యిందులకు గారణమైనను, దీపము సరుకును మనిషిని వేఱుచేసి చూడదు. ఫ్రాన్సు దేశమున ఫ్రెనెలు 1820 ప్రాంతమున గాజుకడ్డీలను వలయములుగా గూర్చి, నలుదెసలకు వృథాగా బోవు కాంతిని ఒకే కిరణముగా నొడిసిపట్టు కటకమును నిర్మించెను. దానితో దీపముల దశ మాఱెను. నూనె పోయి కిరోసిను వచ్చెను, కిరోసిను పోయి విద్యుత్తు వచ్చెను; కటకము మాత్రము నిలిచెను. ప్రతి దీపమునకు దన మెఱుపు వేఱు: ఒకటి యిన్ని క్షణముల కొకమాఱు, మఱియొకటి రెండు మెఱుపులు మెఱసి విరామము. నావికుడు దానిని లెక్కించి, యిది వాకలపూడి, యిది మఱియొకటి యని గుర్తించును. మనము గొంతునుబట్టి మనుష్యుని గుర్తుపట్టునట్లే యిది.

1927లో దీపస్తంభముల చట్టము వచ్చి, రేవులకు వచ్చు నోడలనుండి దీపపు రుసుము వసూలుచేసి, యా సొమ్ముతో దీపములను బోషించు పద్ధతి స్థిరపడెను. 2021లో దాని స్థానమున గ్రొత్తచట్టము చేసిరి. ఉపగ్రహముల యుగమునకు దగినట్లు 'నౌకామార్గ సహాయములు' అను విశాలమైన పేరు పెట్టిరి. నేడు పెద్దయోడ కెప్టెను దీపముకంటె ముందు తన గదిలోని యంత్రమును జూచును.

దీపము ఱాతిని జూపును, ఇసుకమేటను జూపును, గాలివానను జూపలేదు. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న బందరును రెండు తుపానులు నాశనము చేసినవి. బందరున ముప్పదివేలమంది మునిగిరి. ఆ దెబ్బకు మఱుసటియేడు కలకత్తారేవున తుపాను హెచ్చరికలు మొదలిడిరి. 1875లో భారత వాతావరణశాఖ యేర్పడెను. రేవులలో నెత్తు ప్రమాదసూచికలు ఒకటవ నంబరునుండి పదునొకండవ నంబరు వఱకు గలవు. పగలు వెదురుబుట్టల వంటి గుర్తులు, రాత్రి యెఱ్ఱని తెల్లని దీపములు. మన పత్రికలలో "మూడవ నంబరు హెచ్చరిక" యని చదివి పుటత్రిప్పువారము దీని యర్థము తెలిసికొనుట మంచిది. కాని యా గుర్తు రేవునం దున్నవానికి గనబడునుగాని, ముందురోజే వేటకు బోయినవాని కెట్లు కనబడును? 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మృతిచెందిరి. వేటకు బోయి మరలిరాని జాలరు లనేకులు. దీపస్తంభములు లేక కాదు.

దీవిమీద జాలరుల గుడిసెలున్నవి. పడవనుండి మేము దిగినచోట నొక ముదుసలిని దీపమెంతదూరము కనబడునని యడిగితిమి. "ఎవరికండీ?" అని యాతడు నవ్వెను. అప్పుడా నవ్వు మా కర్థముకాలేదు.

తిరిగివచ్చి పాఠశాలలో లెక్క వేసితిమి. భూమి గుండ్రనగుటచే దృష్టి యొక మేరకు దెగిపోవును. నీటిపై నెత్తు మీటర్లలో నెంతయో, దాని వర్గమూలమును సుమారు మూడున్నరచే గుణించిన, దిగంతము అన్ని కిలోమీటర్లు. ముప్పదిమీటర్ల యెత్తున నున్న దీపమునకు దిగంతము సుమారు 19 కిలోమీటర్లు. పదునాఱుమీటర్ల యెత్తున నోడవంతెనమీద నిలిచిన కెప్టెనునకు 14. రెండును గలిపి, కెప్టెనుకు దీపము 33 కిలోమీటర్ల దూరమునుండి కనబడును. తెప్పమీద గూర్చున్న జాలరి కన్ను నీటికి ఒక మీటరు ఎత్తుననే యుండును, వానికి మూడున్నర. అందుచే వానికి దీపము 23 కిలోమీటర్లకు లోపలనే గాని కనబడదు. నల్లబల్లమీద నీ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసితిమి. వెనుకబల్ల బాలుడు చాలసేపు వానిని జూచి, "పది కిలోమీటర్లు తక్కువనా సార్, చిన్న పడవోనికి?" అని యడిగెను. ఔనంటిమి. "గట్లయితె ఆ దీపం ఇంకింత మీదికి పెట్టరాదా?" అనెను. పెట్టవచ్చును, ఎంత యెత్తు పెట్టవలెనో నీవే లెక్క కట్టుమని వానికి సుద్దముక్క యిచ్చితిమి.