మూడు మిల్లీమీటర్ల పనిముట్టు, మూడొందల ఏళ్ల కథ

అప్పుడే పుట్టిన పాప నోట్లోంచి నురగ వస్తుంటుంది. మొదటిసారి పాలు పట్టగానే ఉక్కిరిబిక్కిరై నీలంగా మారిపోతుంది. కారణం ఏంటంటే, అన్నవాహిక మధ్యలోనే మూసుకుపోయి ఉంటుంది. చాలామందిలో దాని కింది ముక్క శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. పాలు కడుపులోకి పోవు, కడుపులోని ఆమ్లం మాత్రం ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. దాదాపు మూడు, నాలుగు వేల కాన్పులకి ఒకటి ఇలా ఉంటుంది.

మూసుకుపోయిన అన్నవాహిక గురించి 1670లో డర్‌స్టన్ రాశాడు. శ్వాసనాళంతో అతుకు సంగతి 1697లో గిబ్సన్ వర్ణించాడు. జబ్బు తెలిసింది, చెయ్యగలిగిందేమీ లేదు. 1888లో లండన్‌లో స్టీల్ కత్తి పట్టాడు గానీ పాప దక్కలేదు. 1939లో అమెరికాలో లెవెన్, లాడ్ వేర్వేరుగా, దశలవారీ ఆపరేషన్లతో మొదటిసారి పిల్లల్ని బతికించారు. 1941లో మిషిగన్‌లో కామెరాన్ హైట్ పన్నెండు రోజుల పాపకి రెండు కొసల్నీ ఒకేసారి కలిపి కుట్టేశాడు. పాప బతికింది!

తర్వాత 1999లో బెర్లిన్‌లో లోబ్, రోథెన్‌బర్గ్ ఛాతీ కొయ్యకుండా, చిన్న కన్నాల్లోంచి కెమెరా, సన్నటి పనిముట్లు పంపి ఇదే పని చేశారు. పనిముట్టు మందం మూడు మిల్లీమీటర్లే. 2005లో 104 మంది పిల్లల ఫలితాలు అచ్చయ్యాయి. లాభమేంటంటే, ఛాతీ కోస్తే పెద్దయ్యాక వెన్ను వంకరపోవడం, భుజం ఎముక పొడుచుకురావడం లాంటివి రావచ్చు, ఇందులో ఆ ప్రమాదం తక్కువ. ఇబ్బందీ లేకపోలేదు. ఊపిరితిత్తిని పక్కకి నెట్టడానికి పంపే కార్బన్ డయాక్సైడ్ పాప రక్తంలోకి చేరుతుంది. పైగా అగ్గిపెట్టెంత చోటులో ముడి వెయ్యడానికి చెయ్యి బాగా తిరగాలి.

నేను కోడు రాసుకునేవాణ్ణి, డాక్టర్ని కాదు. అయినా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. కొత్త వెర్షన్ రాగానే ఘనతంతా దానికే కట్టబెట్టడం మనకి అలవాటు. ఈ పిల్లల్ని బతికించింది కెమెరా కాదండీ. హైట్ కుట్టు, ఆ తర్వాత మెరుగైన మత్తుమందు, వెంటిలేటర్, నరంలోంచి ఎక్కించే ఆహారం, పక్కనే కూర్చున్న నర్సులూను. కెమెరా వచ్చేసరికే మంచి ఆస్పత్రుల్లో ఎక్కువమంది బతుకుతున్నారు. అది బతికినవాళ్ల బతుకుని బాగుచేసింది, అంతే. అదీ తక్కువేం కాదు.

కానీ వీటన్నిటికంటే ముందు కావలసింది ఒక మామూలు ట్యూబు. నురగ కక్కుతున్న పాప గొంతులోకి దాన్ని దింపి చూడాలి. పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే పాలు పట్టకూడదు, వెంటనే ఎక్స్‌రే తియ్యాలి. ఆ ట్యూబు వెయ్యాలని ఎవరికీ తట్టని చోట, ఎంత గొప్ప కెమెరా ఉన్నా ఏం లాభం?